ఖాళీ జాగాకు తాళం

ఆదివారం మధ్యాహ్నం ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైలు క్వార్టర్లలో దేముడి క్వార్టరు ఖాళీ అవుతోంది. గుమ్మం ముందు రెండు రిక్షాలు. ఒకదాని మీద నులకమంచాలు, ట్రంకుపెట్టె, రోకలి. రెండోదాని మీద దేముడూ అతని పెళ్ళామూ. బతుకంతా రైలు కార్ఖానా కమ్మరి షాపులో సమ్మెట కొట్టిన మనిషి రిటైరై, ఒళ్ళో కోడిని పెట్టుకుని, దాని రెక్కలు సవరిస్తూ స్టేషనుకి పోతున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చేతులూపారు. ఎవరూ ఏడవలేదు. రైలు కూలీల వీధిలో ఇది తరచూ జరిగే సంగతే. సాయంత్రానికి ఆ తాళంచెవి ఇంకొకడి చేతికొస్తుంది. వాడు ఆ పూటే ఊడ్చి, నీళ్ళు జల్లి, పొయ్యి వెలిగిస్తాడు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాడిది. రైలు క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళకి తెలిసిన చట్టం ఇదొక్కటే.

ఎదురు వరండాలో చేపల పులుసు కలుపుకుంటూ ఫిట్టర్ మిస్త్రీ సమూయేలు ఇదంతా చూశాడు.

"సూసినావా తవిటా! వొచ్చే ఏడు ఈ టయానికి ఆ రిక్షా మీద నానుంతాను" అన్నాడు.

"నువ్వొక్కడివే పో. నానిక్కడే ఉంతాను" అంది లోపల్నించి ఎలీసమ్మ. "భీమిలి పోయి ఏటి సేస్తావు? అక్కడ నీకు సమాదుల దొడ్డి తప్ప ఏటుంది?"

"అదైనా ఉంది. ఇక్కడ అదీ లేదు గదే."

పక్కనే పీట మీద కూర్చుని తింటున్న తవిటయ్య నవ్వాడు. అతను వ్యాగన్ షాపులో ఖలాసీ. సమూయేలు చేతి కింద పని నేర్చుకున్నాడు. టెక్కలి దగ్గర పల్లెలో పెళ్ళాం నూకాలమ్మ, ఇద్దరు పిల్లలూ ఉన్నారు. వాళ్ళని తెచ్చుకోవాలంటే క్వార్టరు రావాలి. క్వార్టరు రావాలంటే ముందున్నవాళ్ళంతా కదలాలి. అందాకా నలుగురు మగాళ్ళుండే గదిలో అతనికి ఒక మంచం. ఆ గదిలో ఒకడు డ్యూటీకి పోయే వేళకి ఇంకొకడు నిద్రపోతుంటాడు. వారం రోజుల పాటు ఎవరితోనూ ఒక్క పూర్తి మాట మాట్లాడకుండా గడిచిపోయిన సందర్భాలున్నాయి. ఖరగ్‌పూర్ మొత్తం మీద అతను తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళగలిగిన ఇల్లు సమూయేలు ఇల్లే. ఎలీసమ్మ అతన్ని మరిదీ అని పిలుస్తుంది, తిడుతుంది, వడ్డిస్తుంది. ఆ ఇల్లు పోతే ఈ ఊళ్ళో అతనికి మనుషులు లేరు.

ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగిందంతా ఆ ఇంటి కోసం జరిగిందే, ఆ ఇంటి మీద జరిగిందే.

గోల్‌బజార్ టీకొట్టులో గోవిందరావనే ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. పూర్వం పార్సిల్ గుమస్తా. ఇప్పుడు టెర్లిన్ చొక్కా. జాగాల దళారీపని చేస్తాడని అందరికీ తెలుసు, ఎలా చేస్తాడో ఎవరికీ తెలియదు. తవిటయ్య ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు.

"జాగా కొనీసి అమ్మడానికి నా కాడ డబ్బేదండీ?"

"నేల కొన్నవాడు వెర్రివాడు" అన్నాడు గోవిందరావు. "నేల ఎందుకోయ్? మాట కొను. అమ్మేవాడి దగ్గరికి పో. కాస్త బయానా చేతిలో పెట్టు. మూడు నెల్ల గడువు రాయించుకో. కాగితంలో నీ పేరు పక్కన 'లేదా ఇతను చెప్పిన మనిషికి' అని ఒక ముక్క పడాలి. ఆ ముక్కే నీ ఆస్తి. గడువు లోపల ఎక్కువ ధరకి ఇంకొకణ్ణి తెచ్చావా, తేడా నీది. తేలేదా, బయానా పోయినట్టే."

"ఇంతేనా?"

"ఇంతే. ఒక్క సంగతిలో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకో. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురుపడకూడదు. ఇద్దరూ ఒక చాప మీద కూర్చున్నారంటే నీ నోటి దగ్గర కూడు పోయినట్టే. ఖర్మ కాలి ఎదురుపడ్డారనుకో, ఎవరు నోరులేనివాళ్ళో వాళ్ళని అబద్ధాలకోర్లని చెయ్యి."

చూశారా విద్య! చెమట పట్టదు, చేతికి మసి అంటదు. ఇద్దరు మనుషుల్ని కలవకుండా చూస్తే చాలు, కూడు దొరుకుతుంది. దీనికి వ్యాపారమని పేరు.

తవిటయ్యకి ఇది చాలా తేలిగ్గా కనిపించింది. పైగా అతనికి దుర్బుద్ధి లేదు. ఆ తేడా డబ్బుతో చిన్న జాగా ఒకటి సంపాదించి, రెండు గదులు వేసి, నూకాలమ్మనీ పిల్లలనీ తెచ్చుకోవాలి. అంతే. మోసాలన్నీ మోసగాళ్ళే చేస్తారనుకుంటే పొరపాటు. ఒంటరితనం భరించలేని మంచివాడు చేసే మోసం ఇంకా లోతుగా దిగుతుంది.

ఆదివారాలు సైకిలు మీద తాల్‌బగీచా, సుభాష్‌పల్లి పేటలు తిరగడం మొదలుపెట్టాడు. తాల్‌బగీచాలో తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చి స్థిరపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ నీహారబాల అనే విధవరాలు తన పెరటివైపు రెండు కాఠాల జాగా, అంటే మన లెక్కలో మూడు సెంట్ల పైచిలుకు, అమ్ముతుందని విన్నాడు. తెల్లచీర, నెరిసిన కురచ జుట్టు. పిల్లల్లేరు. భర్త పోయి చాలాకాలమైంది. అందరూ మాసీమా, అంటే పిన్నీ, అని పిలుస్తారు.

ఆవిడ ముందు ధర అడగలేదు. "కొనేవాళ్ళింట్లో ఎంతమంది ఉంటారు బాబూ?" అని బెంగాలీలో అడిగింది.

"ఎందుకు మాసీమా?"

"నాకు చుట్టూ చప్పుడు కావాలి. జ్వరమొచ్చి మూడురోజులు పడుంటే, నేను లేచి తలుపు తీస్తేనే నేను బతికున్నట్టు వీధికి తెలిసింది. మాటలూ అరుపులూ ఉండే ఇల్లు పక్కన పడితే చాలు. ధర తగ్గిస్తాను. విడతల మీద ఇచ్చినా సరే. ఒకసారి తీసుకురా, వాళ్ళని చూడాలి."

"తెస్తాను మాసీమా" అన్నాడు తవిటయ్య. ఆ మాట అన్నప్పుడు నిజంగానే తెద్దామనుకున్నాడు. తన పోస్టాఫీసు పొదుపంతా ఊడ్చి బయానా ఇచ్చాడు. వేలిముద్ర వేసిన కాగితం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. ఆరోజు జీవితంలో మొదటిసారి తనకి కూడా ఈ భూమ్మీద ఏదో ఉన్నట్టనిపించింది.

అసలు కష్టం ఆ తర్వాత తెలిసొచ్చింది. మార్కెట్లో, స్టేషన్లో, షాపు గేటు దగ్గర, ఎంతమందిని అడిగాడో. తెలియనివాడికి ఖలాసీ మాట మీద నమ్మకమేమిటి? "నీ జాగాయేనా?" అనేవాళ్ళు. "అమ్మే మనిషిని చూపించు" అనేవాళ్ళు. చూపిస్తే ధర బయటపడుతుంది. చూపించకపోతే నవ్వి పోయేవాళ్ళు. పరిచయస్తులు దూరం నుంచే సైకిలు తిప్పుకోవడం మొదలుపెట్టారు. క్యాంటీన్‌లో అతను కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. అదివరకు మాటల్లేని ఒంటరితనం ఉండేది. ఇప్పుడు మాట్లాడినకొద్దీ పెరిగే ఒంటరితనం వచ్చింది. మనిషి కనబడితే మనిషిని చూడటం మానేశాడు, గిరాకీని చూస్తున్నాడు. అవతలివాడికి అది అర్థం కాదా?

గడువు దగ్గరపడింది. ఈ వ్యాపారంలోకి దిగిన ప్రతి కొత్తవాడూ చివరికి ఎక్కడికి వస్తాడో తవిటయ్యా అక్కడికే వచ్చాడు. తెలియనివాడు నమ్మడు. కాబట్టి నమ్మేవాడికే అమ్మాలి.

సమూయేలు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"నువ్వు సూసినావా జాగా? బాగుందా?"

"బాగుందన్నా. నుయ్యి దగ్గర. కొబ్బరిసెట్టు కూడా ఉంది."

"నువ్వు బాగుందంటే బాగున్నట్టే. ఎంతంటున్నారు?"

తవిటయ్య చెప్పాడు. మాసీమా చెప్పిన ధరకి సగం మళ్ళీ పైన వేసి చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే వచ్చింది. అదే అతనికి ఆశ్చర్యమనిపించింది.

లోపల ఎలీసమ్మ నిట్టూర్చింది. "మన పి.ఎఫ్. లోనుకి అందదేమో. గాజులున్నాయి, అవి అమ్మెయ్. ఈ వయసులో నాకేటి అందం?" అని, "మరిదీ, నువ్వు తింతల్లేదేటి? పులుసు బాలేదా?" అంది.

"బాగుంది వొదినా" అన్నాడు తవిటయ్య. ముద్ద కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కోడానికి లేచాడు.

జాగా చూపించడానికి సమూయేలు దంపతుల్ని గురువారం తీసుకెళ్ళాడు. గురువారాల్లో మాసీమా లక్ష్మీపూజకి సుభాష్‌పల్లిలో చుట్టాలింటికి పోతుంది. అది ముందే కనుక్కున్నాడు. హద్దు తెలియాలని మాసీమాకి చెప్పి వెదురు కంచె కట్టించి, చిన్న తలుపు పెట్టించి, దానికి తాళం వేశాడు. ఇది గోవిందరావు నేర్పిన కిటుకు. మైదానం చూపిస్తే రైలు మనిషికి నమ్మకం కుదరదు, తాళం చూపిస్తే కుదురుతుంది. లోపల గడ్డి తప్ప ఏమీ లేదు. సమూయేలు డబ్బిచ్చాడు. తవిటయ్య తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

"రిజిస్ట్రీ అయ్యేదాకా ఇటు రాకండన్నా. అమ్మేవోళ్ళు కొంచెం తిక్క మనుసులు."

"ఠీక్ హై" అన్నాడు సమూయేలు. తాళంచెవిని ఎలీసమ్మ కొంగు చివర ముడేసుకుంది.

ఇక్కడే తవిటయ్య లెక్క తప్పింది. తాళంచెవి చేతికొచ్చాక ఆగడం క్వార్టరు మనుషులకి తెలియదు. బతుకంతా ఎవడో తాళంచెవి ఇస్తే ఆ పూటే కాపురం పెట్టినవాళ్ళు. తాళం తమ చేతిలో ఉంది, అంటే ఇల్లు తమది. ఇంకెవర్ని అడగాలి? తవిటయ్య కూడా ఆ వీధి మనిషే. అయినా ఆ సంగతి అతనికి తట్టలేదు. దళారీ కంటితో చూడటం అలవాటైతే సొంతవాళ్ళే అర్థం కారు.

ఆ ఆదివారం ఎప్పటిలా భోజనం వేళకి సమూయేలు ఇంటికి వెళ్ళాడు. తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. పక్కింటి జోగమ్మ గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది.

"ఓలమ్మా, నువ్వెల్లలేదేటి తవిటా? కొత్త జాగాలో ప్రార్దన పెట్టుకున్నారు గదా. పాస్టరు గారిని కూడా తీసుకెల్నారు. నువ్వు సరాసరి అక్కడికే వొస్తావని సెప్పింది మీ వొదిన."

తవిటయ్య సైకిలు ఎలా తొక్కాడో అతనికే తెలియదు. తాల్‌బగీచా మలుపు తిరిగేసరికి పాట వినిపించింది. వెదురు తలుపు బార్లా తీసి ఉంది. గడ్డి మీద రెండు చాపలు. చర్చి వాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. పాస్టరు సుందర్ రాజు గారు పుస్తకం మూసి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. చాప చివర, ఎలీసమ్మ పక్కనే, తెల్లచీరలో మాసీమా కూర్చుని ఉంది.

తన పెరట్లో పాటలేమిటని మొదట కర్ర పట్టుకుని వచ్చిందట ఆవిడ. బజారు బెంగాలీ అంతా నోట్లో పెట్టుకుని తిరిగే ఎలీసమ్మ లేచి, "రండి మాసీమా, ఇకమీదట మేమే మీ పక్కింటివాళ్ళం" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టిందట. పాట అయ్యేలోపు ఇద్దరూ ఒకరి మోకాళ్ళనొప్పులు ఒకరు తెలుసుకున్నారు. పాట అయ్యాక ధర మాట వచ్చింది. అందులో ఎవరి కపటమూ లేదు. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుంటే వచ్చే మాటే అది.

"రా మరిదీ" అంది ఎలీసమ్మ. ఇంకా నవ్వుతూనే ఉంది. "నీ కోసమే సూస్తన్నాం. మాసీమా ఒక ధర సెప్తంది. నాను ఒక ధర సెప్తన్నాను. ఎవలిది తప్పో నువ్వు సెప్పు."

అందరూ అతనివైపు చూశారు. అనుమానంతో ఒక్కరూ చూడలేదు. అతను ఏదో ఒకటి చెబితే తేలిపోతుందన్నట్టు చూశారు. సమూయేలైతే ముందే తలూపుతున్నాడు.

నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో చెప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది.

"ముసిల్ది గదా వొదినా" అన్నాడు తవిటయ్య. "మర్సిపోయుంతాది."

మాసీమా ఈ ఊరొచ్చి ఎన్నో ఏళ్ళయింది. తెలుగువాళ్ళ మధ్య బతికిన మనిషికి తెలుగు వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఆవిడ కర్ర ఆనించి మెల్లగా లేచింది.

"నేను మర్చిపోలేదు బాబూ" అంది తెలుగులో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. "నాకు మర్చిపోయేంత మనుషులు లేరు. నాతో మాట్లాడినవాళ్ళు ఎవరూ నేను మర్చిపోను."

ఎలీసమ్మ ముఖంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పాస్టరు గారు సమూయేలు వైపు చూశారు. సమూయేలు కళ్ళు మూసుకుని, "ప్రార్దన ముగించండయ్యగారూ" అన్నాడు. ఆమెన్ అన్నప్పుడు అందరి గొంతులూ వినిపించాయి, తవిటయ్యది తప్ప.

తీసుకున్న డబ్బంతా ఆ సాయంత్రమే వాళ్ళ గుమ్మం మీద పెట్టాడు. అప్పటికింకా మూట విప్పలేదు. బయానా కాగితం మీద తన హక్కు వదులుకున్నట్టు రాసిచ్చాడు. జాగా మాసీమా చెప్పిన ధరకే, విడతల మీద, సమూయేలుకి రిజిస్ట్రీ అయింది. తవిటయ్య ఇచ్చిన బయానా మాసీమా మడత నలగకుండా తిరిగి ఇచ్చేసింది. అంటే తవిటయ్యకి నష్టమేమీ రాలేదు. గోవిందరావు అదే అన్నాడు. "మొదటి బేరంలో చెయ్యి కాలకుండా బయటపడ్డావు, అదృష్టవంతుడివి. రెండోది జాగ్రత్తగా చెయ్యి" అన్నాడు. తవిటయ్య ఆ టీకొట్టుకి మళ్ళీ వెళ్ళలేదు.

ఒక ఆదివారం ఉండబట్టలేక సమూయేలు ఇంటికి వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి ఆ తలుపు తట్టాడు. ఎలీసమ్మ తీసింది.

"కూకోండి. ఆయన్ని పిలుస్తాను" అంది. లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు.

సమూయేలు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బీడీ వెలిగించాడు.

"నన్ను అడిగితే ఇచ్చీవోణ్ణి గదరా" అన్నాడు. "నీ పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోడానికి కావాలంటే గాజులు అప్పుడే అమ్మీదాన్ని అని మీ వొదిన ఏడుస్తంది. నాకు ఆ కోపం పోతాది. కానీ ఆ ముసిల్దాన్ని మతిలేనిదాన్ని సేసినావు సూడు, అది పోదు. ఆయమ్మ పక్కన మనుసులు కావాలని అడిగింది. మాకు నిలబడ్డానికి సోటు కావాలి. ఇద్దరికీ కావలసింది ఒకరి కాడ ఒకరికి ఉంది. మద్దిన నువ్వు నిలబడి ఒకర్నొకరు సూడకుండా సేసినావు. ఆ నిలబడ్డానికే కూలి అడిగినావు."

"నన్నేటి సెయ్యమంటావన్నా?"

"మన వీదిలో సగంమంది నేడో రేపో తాళంచెవులు ఇచ్చీసీవోళ్ళే. వాళ్ళకి జాగాలు కావాలి. సైకిలు తొక్కి జాగాలు ఎతకడం తప్పు కాదు, అది పనే. ఆ పనికి కూలి ఇద్దరి ముందర అడుగు, ఇద్దరూ వింటుండగా తీసుకో. ఇద్దర్నీ ఒక సాప మీద కూకోబెట్టు. అలగ సెయ్యలేకపోతే ఆ పని ఒగ్గెయ్."

"మరి నాను... ఇక్కడికి వొస్తుండొచ్చా?"

సమూయేలు లోపలి గదివైపు చూశాడు. "అది నాను సెప్పీది కాదు" అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కొంతసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది. తవిటయ్య లేచాడు.

వానాకాలం వెళ్ళాక, రిటైరు కాబోతున్న నూకయ్యనీ అతని పెళ్ళాన్నీ తవిటయ్య సుభాష్‌పల్లిలో ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. అమ్మే మనిషి ముసలి కంపౌండరు. తవిటయ్య ముగ్గుర్నీ చాప మీద కూర్చోబెట్టాడు. అమ్మేవాణ్ణే ధర చెప్పమన్నాడు, నూకయ్యని సొంత చెవులతోనే వినమన్నాడు. తన కూలి ఎంతో ముగ్గురి ముందూ చెప్పాడు. కంపౌండరు వింతగా చూసి, "నువ్వెక్కడి దలాలివయ్యా?" అని నవ్వాడు. ఆ తర్వాత అతనితో ఎవరికీ పనిలేకపోయింది. వాళ్ళు నుయ్యి గురించీ, చీమల గురించీ, పిల్లల పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకుంటున్నారు. తవిటయ్య బయటికి వచ్చి కల్వర్టు మీద కూర్చున్నాడు. లోపల నూకయ్య పెళ్ళాం గట్టిగా నవ్వింది. కప్పుల చప్పుడు వినిపించింది. టీకి తనని పిలుస్తారేమోనని కాసేపు చూశాడు. పిలవలేదు. వాళ్ళు పొగరుతో పిలవకపోవడం కాదు. మాటల్లో పడి మర్చిపోయారు.

అతనికి ఏడుపు రాలేదు. లోపల మాటలు వినబడుతున్నంతసేపూ అక్కడే కూర్చున్నాడు.

కార్మిక సోదరులారా, రేపు మీ దగ్గరకీ ఒకడు వస్తాడు. మీవాడే వస్తాడు, మీ జిల్లా మాటే మాట్లాడతాడు, మీ ఇంటి అన్నమే తింటాడు. వాడు చూపించే జాగా ఎంత బాగున్నా సరే, ఆ జాగా యజమాని గుమ్మంలో కూర్చుని, ఆ మనిషి ముఖం చూసి, ధర ఆ నోటితోనే వినండి. అందుకు అడ్డం నిలబడేవాడు సొంత తమ్ముడైనా వాడి చేతిలో ఒక్క పైసా పెట్టకండి.